వాట్సాప్ మెసేజ్ చదవలేని నాయనకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ జిల్లా పేజీలో పదో తరగతిలో వెనకబడిన పిల్లలకి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట స్టడీ అవర్లు పెంచాలని వార్త వచ్చింది. మంచిదే, కాదనను. కానీ ఆ లిస్టులో ఉండే పిల్లలంతా ఒకే రకం కాదు సార్. కొందరు బడి ఎగ్గొట్టి కూలికి పోయినోళ్ళు, కొందరికి ఇంట్లో కూర్చుని చదువుకునే జాగా లేదు, కొందరికి ఫోన్ పిచ్చి. వీళ్ళు కాకుండా ఇంకో రకం ఉంటారు. రోజూ బడికి వస్తారు, చెప్పిన పాఠం అర్థమవుతుంది, నోటితో అడిగితే టకటకా చెప్తారు, అదే పుస్తకం ముందు పెట్టి చదవరా అంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటా చెమటలు పడతాయి. ఇలాంటి పిల్లల్ని ఇంకో రెండు గంటలు అదే పుస్తకంతో అదే పద్ధతిలో కూర్చోబెడితే వచ్చేదేం లేదు, మనసు విరగడం తప్ప. డిస్లెక్సియా అనేది దీన్నే. మన జిల్లాలో దీని గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ, అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రొద్దుటూరులో ఇంట్లోనే ట్యూషన్ చెప్తాను. గవర్నమెంట్ బడి పిల్లలూ వస్తారు, ప్రైవేటోళ్ళూ వస్తారు. నేను డాక్టర్ని కాదు, ఎవరికి ఉంది ఎవరికి లేదు అని తేల్చే పని నాది కాదు, కానీ చాన్నాళ్ళుగా పిల్లల పక్కన కూర్చుని చదివించేదాన్ని కాబట్టి ఎక్కడ ఆగిపోతున్నారో కనిపిస్తుంది. ప, వ, ష ఒకదానికి ఇంకోటి పెట్టేస్తారు, మ కి య కి తేడా దొరకదు, బ చూసి భ అంటారు. వీటికంటే పెద్ద తంటా ఒత్తులతో. పుస్తకంని పుసకం అని రాస్తారు, పద్యంని పదం అని చదివేస్తారు, దీర్ఘాలు ఎగిరిపోతాయి. ఒకటో క్లాసులో రెండో క్లాసులో ఇవన్నీ అందరు పిల్లలూ చేస్తారు, అది చూసి కంగారు పడాల్సిన పని లేదు. మూడు నాలుగు క్లాసులకి వచ్చినా అలాగే ఉంటేనే, ఎంత చెప్పినా నిన్న వచ్చిన మాట ఇవాళ మళ్ళీ కొత్తగా కనిపిస్తా ఉంటేనే అనుమానం రావాలి.

తెలుగులో ఒక సుఖం ఏందంటే రాసింది రాసినట్టు పలుకుతాం, అందుకని ఈ పిల్లలు కిందా మీదా పడి తెలుగు ఎట్లో ఒకట్ల చదవడం నేర్చుకుంటారు, తప్పులు తగ్గుతాయి గానీ స్పీడ్ రాదు. ఇంగ్లీషుకి వచ్చేసరికి ఉన్న ఆ కాస్త ధైర్యం కూడా పోతుంది, పి యు టి పుట్ అయినప్పుడు బి యు టి బట్ ఎట్లయిందో మామూలు పిల్లోడికే మనం చెప్పలేం. ఇప్పుడు ఒకటో క్లాసు నుంచే ఇంగ్లీష్ మీడియం అంటున్నారు, ఆరుకొచ్చేసరికి హిందీ. మన కడపలో, కర్నూల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లల సంగతి చూడండి, ఉర్దూ కుడి నుంచి ఎడమకి రాయాలి, మిగతావన్నీ ఎడమ నుంచి కుడికి, మొత్తం నాలుగు లిపులు. ఆదోని పక్క, రాయదుర్గం పక్క పోతే కన్నడం కూడా తోడవుతుంది. ఇన్ని లిపుల మధ్య డిస్లెక్సియా ఉన్న పిల్లోడిని వదిలేస్తే వాడు తప్పు రాసింది చూసి, లిపుల గందరగోళంలే పెద్దయితే సర్దుకుంటుంది అనుకుంటారు సార్లు. అట్లా అనుకుంటానే పదో క్లాసు దాకా తోసుకొస్తారు.

ఇదేదో ఈ మధ్య ఫ్యాషన్‌గా వచ్చిన జబ్బు అనుకునే పెద్దలు ఉన్నారు, మా రోజుల్లో ఇవన్నీ యాడున్నాయమ్మా, నాలుగు తగిలిస్తే చదివేవాళ్ళం అంటారు. జర్మనీలో రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి డాక్టర్ ఈ పేరు పెట్టింది 1887లో. 1896లో ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే పద్నాలుగేళ్ళ పిల్లోడి గురించి రాశాడు. తెలివైనోడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే జరిగేటట్టయితే బడి మొత్తానికి వీడే చురుకైనోడు అని వాళ్ళ బడి సారే అన్నాడంట. నూటపాతికేళ్ళు దాటింది సార్ ఆ మాట అని, మన పక్క ఇప్పటికీ ఆ పిల్లోడికి పెట్టే పేరు మొద్దోడు. కంటిచూపు లోపం కాదు, తెలివి తక్కువ కాదు, పెంపకం తప్పు అంతకంటే కాదు. అక్షరాన్ని దాని శబ్దంతో జోడించే పని మెదడులో వేరే రకంగా జరుగుతుంది, అంతే. దీనికి మందు లేదు. సరస్వతి ఆకు లేహ్యాలు, మెమరీ పౌడర్లు అమ్మేవాళ్ళ దగ్గర డబ్బులు పోసుకోవద్దని ఈ సందర్భంగా చెప్తున్నా. చూపు, వినికిడి మాత్రం ఒకసారి టెస్ట్ చేయించండి, ఒక్కోసారి అసలు సమస్య అక్కడే ఉంటుంది.

ఇంక అసలు విషయానికొస్తా. చట్టం లేక కాదు ఈ పిల్లలు ఇట్లా అవుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అంతకుముందున్న 7 రకాల వైకల్యాలని 21కి పెంచి అందులో లెర్నింగ్ డిసెబిలిటీని కూడా చేర్చారు, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. బడులు ఇలాంటి పిల్లల్ని ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా గుర్తించి తగిన పద్ధతిలో చెప్పాలి అని చట్టంలోనే ఉంది. 2018 జనవరిలో కేంద్రం గెజిట్‌లో ఇంకా వివరంగా ఇచ్చారు, మూడో క్లాసులో గానీ ఎనిమిదేళ్ళకి గానీ ఏది ముందొస్తే అప్పుడు టీచర్లు ప్రతి పిల్లోడినీ ఒకసారి పరీక్షగా చూడాలి, ప్రతి బడిలో హెడ్మాస్టర్ పెద్దగా ఒక స్క్రీనింగ్ కమిటీ ఉండాలి. గవర్నమెంట్ బడి ప్రైవేట్ బడి అని తేడా లేదు, రెంటికీ ఇదే. అనుమానం ఉన్న పిల్లల్ని ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి, తర్వాత సైకాలజిస్ట్ దగ్గరికి పంపాలి, వాళ్ళు ఐక్యూ చూసి, బెంగళూరులో మానసిక ఆరోగ్యం చూసే పెద్ద సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు తయారు చేసిన టెస్టులు పెట్టి తేలుస్తారు. సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాక ఇస్తారు, పద్నాలుగేళ్ళకి ఒకసారి, పద్దెనిమిదేళ్ళకి ఒకసారి మళ్ళీ చూపించుకోవాలి, పద్దెనిమిదిలో ఇచ్చింది జీవితాంతం పనికొస్తుంది. ఆ కాగితం ఉంటే పరీక్షలో గంటకి 20 నిమిషాలు ఎగస్ట్రా, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. రాసిపెట్టే మనిషిని అడగొచ్చు. రెండో భాష, మూడో భాష మినహాయింపు గురించి కూడా చట్టంలోనే రాశారు.

ఇదంతా కాగితం మీద. మీరు గానీ మీ రిపోర్టర్లు గానీ మన కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ఏదైనా పది బళ్ళకి పోయి మీ స్క్రీనింగ్ కమిటీ ఏదండీ అని అడిగి చూడండి. నాకు తెలిసిన సార్లని నేను అడిగితే మిడ్ డే మీల్ ఫోటో అప్‌లోడ్ చేయడానికే టైం లేదమ్మా అని నవ్వారు. వాళ్ళదీ తప్పు అనను, ఒక్క సారు రెండు మూడు క్లాసులు చూసుకునే బళ్ళు ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2022లో ప్రశస్త్ అని ఒక యాప్ తెచ్చారు, పిల్లల్లో 21 రకాల వైకల్యాలనీ టీచరే మొదటి మెట్టులో గమనించేటట్టు ప్రశ్నల లిస్ట్ అది. మిగతా యాప్‌లన్నీ రోజూ తెరిపించి, ఫోటో రాకపోతే మెమో ఇచ్చే డిపార్ట్‌మెంట్ ఈ ఒక్క యాప్‌ని ఏడాదికి ఒకసారి గట్టిగా అడిగితే ఏం పోతుంది? మండలాల్లో వైకల్యం ఉన్న పిల్లల కోసం భవిత సెంటర్లు ఉన్నాయి, అక్కడ స్పెషల్ టీచర్లు ఉన్నారు, వాళ్ళు పాపం ఉన్న జీతానికి ఎక్కువే చేస్తారు. కానీ అక్కడికి పోయేది నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు. చూడ్డానికి బాగానే ఉండే పిల్లోడిని భవితకి పంపాలని ఎవరికీ తట్టదు, పంపుదాం అంటే ఇంట్లోవాళ్ళు కూడా మా వాడికేం తక్కువ అని కొట్లాడతారు.

ఇప్పుడు నన్ను చానా రోజులుగా తొలిచేస్తున్న సంగతి చెప్తా. ఈ డిస్లెక్సియా చాలామటుకు ఇళ్ళల్లో వారసత్వంగా వచ్చేది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అంటే ఏంది? ఏ పిల్లోడి కోసం ఫారాలు నింపి, స్లాట్ బుక్ చేసి, ఆస్పత్రి కౌంటర్ల మీద బోర్డులు చదువుకుంటా తిరగాలో ఆ పిల్లోడి నాయనకే చదవడం కష్టం. నా దగ్గరికి వచ్చే ఒక పిల్లోడి నాయన బైక్ మెకానిక్. ఇంజన్ శబ్దం విని రోగం చెప్పేస్తాడు, లెక్కలు నోట్లోనే కట్టేస్తాడు. బడి గ్రూపులో వచ్చే పీడీఎఫ్ సర్క్యులర్ మాత్రం తెరవడు. "నాకూ వీడి మాదిరే మేడం, ఐదులో సారు కొడితే ఇంక పోలే, నాకు అబ్బలే వీడికి యాడ అబ్బుతాది" అన్నాడు. పిల్లోడి వాళ్ళమ్మ కువైట్‌లో ఉండాది, ఆమె చదువుతుంది, కానీ అక్కడి ఇంట్లో పని అయ్యేసరికి ఇక్కడ అర్ధరాత్రి. ఇలాంటి ఇళ్ళు మన కడప జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు సర్టిఫికెట్ కావాలంటే వార్డు సచివాలయంలో అడగాలి, స్లాట్ మెసేజ్ ఫోన్‌కి వస్తుంది, ఆ మెసేజ్ ఎవరు చదవాల? చదివినా పెద్దాసుపత్రిలో ఏ రూమ్, ఏ రోజు, ఏం కాగితాలు? దారి పొడుగూతా చదవడం వచ్చినోళ్ళ కోసమే పెట్టినట్టు ఉంది మొత్తం ఏర్పాటు. చదవడం రాని పిల్లోడికి సాయం కావాలంటే ముందు చదవడం వచ్చిన నాయన ఉండాలా?

కాబట్టి నేను అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. చెప్పాల్సింది నోటితో చెప్పండి. మెగా పేరెంట్స్ మీటింగ్ అని పెడుతున్నారు కదా, ఆ రోజు అందరు పేరెంట్సూ వస్తారు, ముగ్గుల పోటీలు, టగ్ ఆఫ్ వార్ మధ్యలో ఒక పావుగంట దీనికి ఇవ్వండి. మూడో క్లాసు పేరెంట్స్‌ని పక్కన కూర్చోబెట్టి ఇట్లా ఇట్లా ఉంటే మాకు చెప్పండి, మేమే ఆస్పత్రికి రాసి పంపుతాం అని టీచర్ చెప్పాలి. గ్రూపులో సర్క్యులర్ పెట్టినప్పుడు దాంతోపాటు హెడ్మాస్టర్ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టాలి. రెండు నిమిషాల పని. స్లాట్ బుక్ చేసే బాధ్యత ఇంటోళ్ళ మీద వదలకుండా బడి తీసుకోవాలి, ఆ స్క్రీనింగ్ కమిటీ ఉండేది ఎందుకు మరి.

ఇంకోటి, టైం. అందరికీ పదో క్లాసు జనవరిలో గుర్తొస్తుంది. అప్పటికి పరీక్ష రాసే పిల్లల లిస్టులు, అదే నామినల్ రోల్స్, పోయి ఉంటాయి, ఇంక డాక్టర్ల చుట్టూ తిరిగినా అయ్యే పని కాదు. పద్నాలుగేళ్ళకి సర్టిఫికెట్ మళ్ళీ తీసుకోవాలి అన్నాను కదా, అది సరిగ్గా తొమ్మిదో క్లాసుకి వస్తుంది. తొమ్మిదిలో ఉండగానే ఆ కాగితం చేతికొస్తే పదిలో తలనొప్పి ఉండదు. రాసిపెట్టే పిల్లోడితో కూడా ముందే అలవాటు పడాలి, ఒక క్లాసు కింది పిల్లోడిని తెచ్చి పరీక్ష రోజు పక్కన కూర్చోబెడితే వీడు చెప్పేది వాడికి అందదు, వాడు రాసేది వీడు సరిచూసుకోలేడు. ప్రీఫైనల్స్ నుంచి ఇద్దరినీ కలిపి రాయించాలి.

భాష మినహాయింపు గురించి నా అభిప్రాయం వేరే ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు. హిందీ వదిలిస్తే వదిలించండి, బరువు తగ్గుతుంది. తెలుగు మాత్రం తొందరపడి వదిలించొద్దు. ఈ పిల్లలకి వేమన పద్యం రెండుసార్లు వినిపిస్తే మూడోసారి వాళ్ళే రాగం తీసి చెప్తారు, అదే పద్యం పుస్తకంలో చూసి చదవమంటే నత్తి వచ్చినట్టు అయిపోతుంది. వినికిడితో వచ్చిన భాష అది, దాన్ని ఆసరా చేసుకునే అక్షరం నేర్పాలి. నేను చేసేదేమీ పెద్ద శాస్త్రం కాదు, ఒక పళ్ళెంలో ఇసుక పోసి అక్షరాన్ని పైకి పలుకుతా వేలితో దిద్దిస్తా. మన ముసలోళ్ళు వీధిబడిలో చేసిందే, దీన్నే బయట దేశాల్లో కన్ను, చెవి, చెయ్యి మూడూ కలిపి నేర్పే పద్ధతి అని ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనే ఇద్దరి పేరు మీద ట్రైనింగులు ఇస్తారు. ఒత్తులు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసిస్తా, ఒకేసారి అన్నీ కాదు, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి. పెద్ద మాటని ముక్కలుగా చప్పట్లు కొట్టించి పలికిస్తా. సోషల్, సైన్స్ పాఠాలు ఫోన్‌లో చదివించి వినిపిస్తా, ఇప్పుడు తెలుగు కూడా బాగానే చదువుతుంది ఫోన్, పలుకుబడి కాస్త వంకరగా ఉన్నా. అందరి ముందు లేపి గట్టిగా చదవమని మాత్రం అడగను. బళ్ళల్లో ఆ ఒక్కటి మానేసినా చాలామంది పిల్లలు కడుపునొప్పి అని ఇంట్లో పడుకోవడం తగ్గుతుంది. తప్పు రాసిన మాటని వందసార్లు రాయమనే ఇంపోజిషన్ ఇంకా దారుణం, వాడు ఆ తప్పునే వందసార్లు రాసుకొస్తాడు.

ఎగస్ట్రా టైం అంటే అందరూ దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకుంటారు కదమ్మా అని ఒక ప్రైవేట్ స్కూల్ కరస్పాండెంట్ నాతోనే అన్నాడు. ఆ స్కూల్లోనే ఒక పాపని రిజల్ట్ పర్సెంటేజ్ పడిపోతుందని ఎనిమిదిలోనే టీసీ తీసుకోమన్నారు, ఆ సంగతి ఎట్లున్నా ఆయన అనుమానానికి జవాబు చెప్పాలి కదా. వికలాంగుల పెన్షన్ల విషయంలో బోగస్ సర్టిఫికెట్ల గొడవలు మనం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. దానికి మందు టెస్ట్ పక్కాగా చేయడం, ఎవరికీ ఇవ్వకపోవడం కాదు. అయినా బాగా చదవగలిగినోడికి ఇంకో గంట ఇస్తే ఏం చేస్తాడు, కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చుంటాడు. చదవడానికే రెండింతల టైం పట్టే పిల్లోడికి ఆ గంటలోనే పరీక్ష మొదలవుతుంది.

బడి అయిపోతే కష్టం తీరిపోతుందా అంటే అదీ లేదు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి నిమిషం పైన కొంచెం. లెక్క వచ్చినా ప్రశ్న చదివేలోపు టైం అయిపోతుంది. నీట్‌లో ఇలాగే రాయడంలో ఇబ్బంది ఉన్న ఒక అమ్మాయికి సెంటర్‌లో ఎగస్ట్రా గంట ఇవ్వకపోతే ఆమె సుప్రీంకోర్టు దాకా పోయింది, 2021 నవంబర్‌లో కోర్టు అది ఆమె హక్కు అని పరీక్ష పెట్టినోళ్ళకి అక్షింతలు వేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సివిల్స్ రాసే ఒకాయన కేసులో రాసిపెట్టే మనిషిని ఇవ్వడానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాలని ఏం లేదని కూడా చెప్పింది. కోర్టు దాకా పోయే స్తోమత, తెలివిడి ఉన్నోళ్ళ సంగతి అది. 40 శాతం సర్టిఫికెట్ ఉంటే పై చదువుల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ ఉంది, గవర్నమెంట్ ఉద్యోగాల్లో 4 శాతంలో ఒక శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బులు, ఈ లెర్నింగ్ డిసెబిలిటీ వీటన్నిటికీ కలిపి పెట్టారు. మన దగ్గర ఈ కోటాలో దరఖాస్తు పెట్టినోళ్ళని నేనైతే ఒక్కరిని కూడా చూడలేదు. పెట్టాలంటే ముందు ఆ కాగితం ఉండాలి కదా, పిల్లప్పుడు ఎవరూ చూడకపోతే పాతికేళ్ళకి ఎవరు చూస్తారు.

చివరిగా మీ పేపర్‌ని అడిగేది ఒకటుంది. కడప, అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రుల్లో పిల్లలకి ఈ టెస్ట్ ఏ రోజు ఏ రూమ్‌లో చేస్తారో, ఏమేం కాగితాలు తీసుకుపోవాలో కనుక్కుని నెలకి ఒకసారైనా జిల్లా పేజీలో వేయండి. టెస్ట్ చేసే మనిషి లేకపోతే లేరని కూడా వేయండి, అప్పుడైనా పోస్ట్ నింపుతారు. వేసినంత మాత్రాన ఆ మెకానిక్ చదవడు, నాకు తెలుసు. మున్సిపాలిటీ చెత్త బళ్ళకి మైకులు ఉన్నాయి, తడి చెత్త పొడి చెత్త అని పొద్దున్నే పాట వేసుకుంటా ప్రతి సందులోకి వస్తాయి. కడప ఆకాశవాణి ఉంది, గ్యారేజీల్లో అయితే రేడియోనో ఫోన్‌లో పాటలో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. కలెక్టర్ గారు ఒక్క మాట చెప్తే మీరు వేసిన అదే నాలుగు లైన్లు జూన్ జులైలో, బళ్ళు తెరిచే టైంలో, ఆ మైకుల్లో రేడియోలో వినిపించొచ్చు. ఏ రోజు, ఏ రూమ్, ఎవర్ని అడగాలి, ఈ మూడు చెప్తే చాలు.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.